కొవ్వాడ కేంద్రంలో వాడేది మన ఇసుకలోని థోరియమేనా? అణు ఇంధనాల గురించి అడిగిన ప్రశ్నకు సమాధానం

రణస్థలం దగ్గరి ఒక పల్లె నుంచి, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న విద్యార్థి అడిగిన ప్రశ్న సారాంశం ఇది: అణు విద్యుత్ కేంద్రాల్లో ఏయే ఇంధనాలు వాడతారు? మన తీరంలోని నల్ల ఇసుకలో థోరియం ఉంది కాబట్టే అణు కేంద్రానికి శ్రీకాకుళం జిల్లాలోని కొవ్వాడను ఎంచుకున్నారని ఊళ్లో చెప్పుకుంటున్నారు, అది నిజమేనా? బొగ్గులాగా ఆ ఇంధనం కూడా రోజూ రైళ్లలో రావాలా? ఆ ఇసుక మీద తిరిగే వాళ్లకు ఏమైనా ప్రమాదం ఉందా?

నేను ఉద్యోగంలో మొదటి తొమ్మిదేళ్లు అణు ఇంధనం తయారుచేసే చోట, ఆ తరువాత ఇరవై రెండేళ్లు భారజల రియాక్టర్లలో ఇంధనం మార్చే విభాగంలో పనిచేశాను. ఇప్పుడు చీపురుపల్లి దగ్గర మా ఊళ్లోనే ఉంటున్నాను. నేను స్వయంగా చూసిన పని గురించి కాస్త వివరంగానూ, చదివి తెలుసుకున్న దాని గురించి క్లుప్తంగానూ రాస్తాను.

ముందుగా సూటి జవాబు. ప్రపంచంలో నేడు విద్యుత్తు అమ్ముతున్న అణు కేంద్రాల్లో దాదాపు అన్నిటికీ ఇంధనం యురేనియమే, అందులోనూ నిజంగా పనిచేసేది యురేనియం-235 అనే ఒక ఐసోటోపు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణు రకం). కొన్ని చోట్ల దానితో పాటు ప్లుటోనియం కలిపిన మిశ్రమ ఆక్సైడ్ వాడతారు. థోరియం ప్రధాన ఇంధనంగా నడిచే పెద్ద వాణిజ్య కేంద్రం ప్రస్తుతం ఎక్కడా లేదు. కొవ్వాడకు ప్రతిపాదించిన ఏపీ-1000 రకం రియాక్టర్లు కూడా యురేనియంతో నడిచేవే కనుక, మన ఇసుకకూ ఆ కేంద్రానికీ ఇంధనపరంగా ఎలాంటి సంబంధమూ లేదు. ఊళ్లో వినిపించే మాట ఎక్కడ పుట్టిందో నేను ఊహించగలను, ఆ సంగతి తరువాత చెబుతాను.

ఇంధనం అనగానే మనకు మంట గుర్తొస్తుంది. నిజానికి అణు ఇంధనం మండదు, ఆక్సిజన్‌తో దానికి పనే లేదు. మేము కూడా మాటవరసకు 'కాలిన ఇంధనం' అనే అంటాం కానీ, రియాక్టర్‌లోంచి బయటికి తీసిన ఇంధన కట్ట లోపలికి పంపినప్పటి ఆకారంలోనే, దాదాపు అదే బరువుతో ఉంటుంది. బూడిద ఉండదు, పొగ ఉండదు. లోపల జరిగేది కేంద్రక విచ్ఛిత్తి. నిదానంగా వచ్చిన ఒక న్యూట్రాన్‌ను యురేనియం-235 కేంద్రకం మింగి రెండు ముక్కలవుతుంది, ఆ ముక్కలతో పాటు రెండో మూడో కొత్త న్యూట్రాన్లు బయటపడతాయి, వాటిలో ఒకటి మరో కేంద్రకాన్ని పగలగొడుతుంది. ఒక కార్బన్ పరమాణువు మండితే వెలువడే శక్తి సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టులైతే, ఒక యురేనియం కేంద్రకం పగిలితే వచ్చేది సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. మీ పుస్తకాల్లో ఈ రెండు సంఖ్యలూ వేర్వేరు పాఠాల్లో ఉంటాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే, బొగ్గుతో నడిచే కేంద్రానికి రైలు మార్గం ఎందుకు కావాలో, అణు కేంద్రానికి ఎందుకు అక్కర్లేదో అక్కడే తెలిసిపోతుంది.

చిక్కల్లా ఒక్కటే. గని నుంచి వచ్చిన యురేనియంలో ఈ యురేనియం-235 కేవలం 0.7 శాతం ఉంటుంది. వెయ్యి పరమాణువులకు ఏడు. మిగతాదంతా యురేనియం-238, అది నిదానపు న్యూట్రాన్లకు సాధారణంగా పగలదు సరికదా, కొన్నిటిని మింగేస్తుంది కూడా. ఆ ఏడింటితో గొలుసుకట్టు చర్యను ఆగకుండా నడిపించడం ఎలా అన్నదే అణు ఇంధనాల కథంతా. ఆ ప్రశ్నకు రెండు దారులున్నాయి, ఏ కేంద్రంలో ఏ ఇంధనం వాడతారన్నది ఈ రెండు దారుల్లో ఏది ఎంచుకున్నారన్న దాన్నిబట్టే ఉంటుంది.

మొదటి దారి, యురేనియం-235 శాతాన్నే పెంచడం. దీన్ని ఎన్‌రిచ్‌మెంట్ అంటారు. మన పత్రికలు దీన్నే 'శుద్ధి చేసిన యురేనియం' అని రాస్తుంటాయి. ఆ మాట నాకెప్పుడూ నచ్చలేదు, ఎందుకంటే ఇక్కడ మలినాలు తీయడం జరగదు, ఒకే మూలకంలోని రెండు రకాల పరమాణువుల పాళ్లు మార్చడం జరుగుతుంది. యురేనియాన్ని ఫ్లోరిన్‌తో కలిపి హెక్సాఫ్లోరైడ్ వాయువుగా మార్చి, అతి వేగంగా తిరిగే గొట్టాల్లోకి పంపుతారు. బరువైన అణువు అంచుకు, తేలికది మధ్యకు చేరతాయి. రెంటి బరువుల మధ్య తేడా 352కు 349 మాత్రమే కాబట్టి, ఒకే గొట్టంతో పని కాదు, వేల గొట్టాలను వరుసగా కలపాలి. అలా శాతాన్ని 3 నుంచి 5 మధ్యకు తెస్తే, మామూలు నీటినే మితకారిగానూ (న్యూట్రాన్లను నెమ్మదింపజేసే పదార్థంగా) వేడిని మోసుకుపోయే ద్రవంగానూ వాడుకుంటూ రియాక్టర్ నడపవచ్చు. ప్రపంచంలోని రియాక్టర్లలో అధిక భాగం ఈ దారిలోనివే. మన దేశంలో 1969 నుంచి ఉన్న తారాపూర్ మొదటి రెండు యూనిట్లు, తమిళనాడులోని కూడంకుళం యూనిట్లు ఈ రకానికి చెందినవి.

రెండో దారి, ఇంధనాన్ని గనిలో దొరికిన పాళ్లలోనే ఉంచి, నీటిని మార్చడం. మామూలు నీటిలోని హైడ్రోజన్ న్యూట్రాన్లను నెమ్మదింపజేస్తుంది కానీ, కొన్నిటిని మింగేస్తుంది. హైడ్రోజన్‌కు బదులు డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ ఉన్న భారజలం మింగడం చాలా తక్కువ. కాబట్టి భారజలం నింపిన రియాక్టర్‌లో 0.7 శాతం యురేనియం కూడా పనిచేస్తుంది. ప్రకృతిలో సుమారు ఆరున్నర వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటే డ్యుటీరియం కనుక, ఆ నీటిని వేరుచేయడానికి మణుగూరులో ఉన్నలాంటి పెద్ద కర్మాగారాలు కావాలి. అంటే కష్టం తప్పలేదు, ఇంధనం మీది నుంచి నీటి మీదికి మారింది. ఎన్‌రిచ్‌మెంట్ పరిజ్ఞానాన్ని ఏ దేశమూ పక్కవాడికి ఇవ్వదు కాబట్టి, మన వాళ్లు ఈ రెండో కష్టాన్నే కోరి తెచ్చుకున్నారు. రావత్‌భాటా, కల్పాక్కం, నరోరా, కాక్రపార్, కైగా కేంద్రాలతో పాటు తారాపూర్ మూడు, నాలుగు యూనిట్లు కూడా ఈ భారజల కుటుంబానివే.

ఇక్కడ ఒక విడ్డూరం చెప్పకుండా ఉండలేను. ఆఫ్రికాలోని గాబన్ దేశంలో ఓక్లో అనే చోట, సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట, మనిషి ప్రమేయం లేకుండా భూమిలోనే అణు రియాక్టర్ నడిచిన ఆనవాళ్లు 1972లో బయటపడ్డాయి. యురేనియం-235 తన అన్న యురేనియం-238 కంటే త్వరగా క్షీణిస్తుంది కాబట్టి, ఆ కాలంలో గని యురేనియంలోనే దాని పాలు 3 శాతం పైన ఉండేది, భూగర్భంలో ఊరిన మామూలు నీరు మితకారిగా సరిపోయింది. ఇప్పుడు ఏ గనిలోనూ అది సాధ్యం కాదు. మనం ఎన్‌రిచ్‌మెంట్ చేస్తున్నామంటే, ఒక రకంగా యురేనియం వయసు తగ్గిస్తున్నామన్నమాట.

ఇక నా చేతుల మీదుగా సాగిన పని. మన దేశంలో జార్ఖండ్‌లోని జాదుగూడ పరిసరాల్లోనూ, మన రాష్ట్రంలో కడప జిల్లా తుమ్మలపల్లెలోనూ యురేనియం గనులున్నాయి. అక్కడి నుంచి పసుపు రంగు ముద్దగా వచ్చే సరుకును హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో నత్రికామ్లంలో కరిగించి, ద్రావణులతో శుద్ధి చేసి (ఇది అసలైన శుద్ధి), చివరికి యురేనియం డయాక్సైడ్ అనే నల్లటి పొడిగా మారుస్తారు. లోహంగా కాకుండా ఆక్సైడ్‌గా ఎందుకంటారా, లోహం 1,100 డిగ్రీల చిల్లరకే కరుగుతుంది, వేడికీ రేడియేషన్‌కూ ఉబ్బుతుంది. ఆక్సైడ్ 2,800 డిగ్రీలు దాటేదాకా కరగదు. ఆ పొడిని అచ్చుల్లో ఒత్తి, హైడ్రోజన్ వాతావరణంలో సుమారు 1,700 డిగ్రీల వద్ద కాలిస్తే, కుండలు కాలినట్టే బిగుసుకుని గట్టి గుళికలవుతాయి. వాటిని మేము పెల్లెట్లు అంటాం.

220 మెగావాట్ల రియాక్టర్‌కు వాడే పెల్లెట్ సుమారు 14 మిల్లీమీటర్ల లావు, 17 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది, బొటనవేలి చివరి కణుపంత. బరువు 30 గ్రాముల దాకా తూగుతుంది, దాన్ని అరచేతిలో పెట్టుకున్న కొత్తవాళ్లు ఇంత చిన్న ముక్కకు ఇంత బరువేమిటని ఒకసారి ఎగరేసి చూడబోతారు, నేనూ అదే చేయబోయి తిట్లు తిన్నాను. తనిఖీ బల్ల మీద వందల పెల్లెట్లను వరుసగా పేర్చి, దీపం ఏటవాలుగా వేసి, అంచు విరిగిన వాటిని ఏరడం నా మొదటి ఉద్యోగం. అంచున గోటితో గిల్లినంత పెచ్చు ఊడినా దాన్ని తీసి పక్కన పెట్టాల్సిందే, ఎందుకంటే ఆ ఖాళీ ఉన్నచోట పైనున్న లోహపు గొట్టం లోపలికి నొక్కుకుని, తరువాత చీలే అవకాశం ఉంది. తీసేసిన పెల్లెట్లను పారేయరు, మళ్లీ పొడి చేసి మొదటి నుంచి మొదలుపెడతారు.

ఇలాంటి పెల్లెట్లు పాతిక పైచిలుకు, జిర్కోనియం మిశ్రమలోహంతో చేసిన పలుచని గొట్టంలో పేర్చి, రెండు చివరలా మూతలు వెల్డింగ్ చేస్తారు. అటువంటి గొట్టాలు పంతొమ్మిదింటిని గుండ్రంగా కట్టగా అమర్చితే ఒక బండిల్ అవుతుంది. పొడవు అర మీటరు, బరువు పదహారు కిలోల పైన. 540, 700 మెగావాట్ల రియాక్టర్లకు ముప్పై ఏడు గొట్టాల బండిల్ వాడతారు. జిర్కోనియమే ఎందుకంటే, అది న్యూట్రాన్లను దాదాపుగా మింగదు, వేడినీటికి త్వరగా తుప్పు పట్టదు. కొత్త బండిల్‌ను గ్లవ్స్ తొడుక్కుని చేతులతోనే ఎత్తవచ్చు. చూడవచ్చినవాళ్లు మీకు భయం లేదా అని అడిగేవారు. కొత్త యురేనియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు ఆ లోహపు తొడుగునే దాటలేవు, ఆ గ్లవ్స్ చాలావరకు మా చెమట బండిల్‌కు అంటకుండా ఉండటానికే. జాగ్రత్త పడవలసింది పొడి దశలో, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకుండా.

రైళ్లు కావాలా అన్న ప్రశ్నకు లెక్క ఇది. భారజల రియాక్టర్‌లో ఒక టన్ను యురేనియం తన జీవితకాలంలో సుమారు 7,000 మెగావాట్-రోజుల వేడిని ఇస్తుంది. ఒక బండిల్‌లో యురేనియం సుమారు 13.5 కిలోలు. వేడిలో మూడో వంతుకంటే కొంచెం తక్కువే విద్యుత్తుగా మారుతుందనుకుంటే, ఒక బండిల్ నుంచి దాదాపు 6.5 లక్షల యూనిట్లు, ఒక్క పెల్లెట్ నుంచి సుమారు 1,200 యూనిట్లు వస్తాయి. నెలకు 150 యూనిట్లు వాడే ఇంటికి ఆ ఒక్క పెల్లెట్ ఎనిమిది నెలలు సరిపోతుంది. 220 మెగావాట్ల యూనిట్ పూర్తి సామర్థ్యంతో నడిచినప్పుడు మేము రోజుకు సగటున ఎనిమిది బండిళ్లు మార్చేవాళ్లం, అంటే ఒక ఆటో ట్రాలీలో పట్టే సరుకు. మన బొగ్గు ఒక్కో యూనిట్ విద్యుత్తుకు సుమారు 700 గ్రాములు చొప్పున ఖర్చవుతుందనుకుంటే, అంతే విద్యుత్తుకు రోజుకు 3,700 టన్నుల బొగ్గు కావాలి. ఆమదాలవలస స్టేషన్‌లో నిలబడితే మీ ముందు నుంచి సాగిపోయే ఆ యాభై పైచిలుకు వ్యాగన్ల బొగ్గు రైలు ఉంటుంది చూశారా, అది ఒక్క రోజు మేత.

ఒక పెల్లెట్ ఒక టన్ను బొగ్గుకు సమానం అని మీరు పోస్టర్లలో చదివి ఉంటారు. అది ఎన్‌రిచ్ చేసిన ఇంధనం గురించి. ఆ పెల్లెట్ ఏడు గ్రాములే ఉంటుంది, అయినా మన 30 గ్రాముల పెల్లెట్ ఇచ్చే దానికి రెండింతలకు పైగా ఇస్తుంది, ఎందుకంటే అందులో యురేనియం-235 ఆరేడు రెట్లు ఎక్కువ. సహజ యురేనియం చౌక, కానీ త్వరగా అలసిపోతుంది. అందుకే భారజల రియాక్టర్‌ను ఆపకుండానే రోజూ కొంత ఇంధనం మార్చే ఏర్పాటు ఉంటుంది. బండిళ్లు వరుసగా ఉండే, అడ్డంగా పడుకోబెట్టిన 306 పెద్ద గొట్టాల్లో ఏదో ఒకదానికి ఈ చివర ఒక యంత్రం, ఆ చివర ఒక యంత్రం తగులుకుంటాయి. ఒకటి కొత్త బండిళ్లను నెడుతుంది, రెండోది పాతవాటిని అందుకుంటుంది. లోపల అధిక పీడనంతో, 290 డిగ్రీల వేడితో భారజలం పారుతూనే ఉంటుంది. కూడంకుళం లాంటి వాటిలో ఈ వెసులుబాటు లేదు, ఏడాదికో ఏడాదిన్నరకో ఒకసారి రియాక్టర్ ఆపి, మూత తీసి, ఇంధనంలో కొంత భాగాన్ని ఒకేసారి మార్చాలి.

ఇంధనం ఎంత బాగా చేసినా, పెల్లెట్లు పేర్చిన లక్షల సన్నని తొడుగుల్లో ఎప్పుడో ఒకటి చిల్లు పడుతుంది. నేను పనిచేసిన ఒక కేంద్రంలో ఒక రాత్రి పాళీలో, వేడిని మోసే భారజలంలో అయోడిన్-131 మోతాదు మెల్లగా పెరగడం మొదలైంది. విచ్ఛిత్తిలో పుట్టిన అయోడిన్ బయటికి వచ్చిందంటే ఎక్కడో తొడుగు పగిలిందని అర్థం. అది ఏ పెద్ద గొట్టంలోనో కనిపెట్టడానికి, ఒక్కొక్క గొట్టం నుంచి వచ్చే నీటిలో విచ్ఛిత్తి ముక్కల నుంచి ఆలస్యంగా వెలువడే న్యూట్రాన్లను లెక్కించే పరికరం ఉంటుంది. ఒక గొట్టం దగ్గర అంకె ఎక్కువగా కనబడగానే, రెండోసారి కొలవకుండా, ఇదేనని నేను పట్టుబట్టి అందులోని ఎనిమిది బండిళ్లను తీయించాను. తెల్లవారినా అయోడిన్ తగ్గలేదు. మర్నాడు ఓపికగా మళ్లీ కొలిస్తే దోషం పక్క గొట్టంలో ఉంది. దాన్ని మార్చాక రెండు మూడు రోజుల్లో అంకెలు దిగివచ్చాయి. తరువాత నీటి కొలనులో పరీక్షిస్తే, చివరి మూత వెల్డింగ్ దగ్గర వెంట్రుకవాసి చీలిక కనిపించింది. నా తొందరపాటుకు ఎనిమిది మంచి బండిళ్లు సగం పని చేసి బయటికొచ్చాయి. పెల్లెట్, దాని పైన తొడుగు, దాని పైన గొట్టం, ఆ పైన కాంక్రీటు కోట అని పుస్తకాల్లో చదివే వరుస రక్షణల్లో మొదటి రెండూ ఇంధనంలోనే ఉన్నాయని ఈ సంఘటన చెబితే మా దగ్గర శిక్షణకు వచ్చిన పిల్లలకు బాగా గుర్తుండేది.

బయటికి తీసిన బండిల్ సంగతి పూర్తిగా వేరు. లోపలికి వెళ్లేటప్పుడు చేత్తో ఎత్తినదాన్ని, వచ్చాక కవచం లేకుండా కొన్ని అడుగుల దూరంలో కొద్ది నిమిషాలు నిలబడి చూసినా ప్రాణానికే ముప్పు. అందుకే అది గాలిలో మనుషుల మధ్యకు ఎన్నడూ రాదు, యంత్రంలోంచి నేరుగా కొన్ని మీటర్ల లోతున్న నీటి కొలనులోకి వెళ్లి అక్కడే ఏళ్ల తరబడి ఉంటుంది. కొత్తగా దించిన వాటి చుట్టూ నీరు నీలంగా మెరవడం నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు ప్లుటోనియం. యురేనియం-238 కొన్ని న్యూట్రాన్లను మింగేస్తుందని పైన రాశాను. అలా మింగినది వృథా పోదు, రెండు మార్పుల తరువాత ప్లుటోనియం-239 అవుతుంది, అది యురేనియం-235 లాగే పగులుతుంది. మామూలు నీటి రియాక్టర్లలో వచ్చే శక్తిలో దాదాపు మూడో వంతు, ఎవరూ వేయకుండా లోపలే పుట్టిన ఈ ప్లుటోనియం నుంచే వస్తుంది. వాడిన ఇంధనాన్ని ఆమ్లంలో కరిగించి మిగిలిన ప్లుటోనియాన్ని వేరుచేసి, యురేనియం ఆక్సైడ్‌తో కలిపితే అదే మిశ్రమ ఆక్సైడ్ ఇంధనం. ఫ్రాన్స్‌లో దీన్ని చాలా రియాక్టర్లలో వాడుతున్నారు. కల్పాక్కంలోని 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్‌కు కూడా ఇదే ఇంధనం, 2024 మార్చిలో దాని మధ్యభాగాన్ని (కోర్‌ను) నింపే పని మొదలుపెట్టారు. అక్కడ న్యూట్రాన్లను నెమ్మదింపజేయరు, నీటి బదులు ద్రవ సోడియం పారుతుంది, తిన్నదానికంటే ఎక్కువ ఇంధనం పుట్టించడం దాని లక్ష్యం. దాని పక్కనే 1985 నుంచి ఉన్న చిన్న పరీక్షా రియాక్టర్‌లో ప్లుటోనియం, యురేనియం కార్బైడ్‌లను వాడుతున్నారు, అది అరుదైన ఇంధనం. చైనాలో టెన్నిస్ బంతి అంతటి గ్రాఫైట్ గోళాల్లో గసగసాల్లాంటి ఇంధన రేణువులు పొదిగి వాడే రియాక్టర్ ఉంది, దాని గురించి నాకు పుస్తక జ్ఞానమే.

థోరియం దగ్గరికి వద్దాం. మీ ఊరి మాటలో సగం నిజం ఉంది. భీమునిపట్నం నుంచి భావనపాడు దాకా మన తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్‌లతో పాటు మోనజైట్ అనే ఖనిజం కొద్దిగా ఉంటుంది, ఆ మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ 8 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. దేశంలో మోనజైట్ నిల్వలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. మన సరిహద్దు దాటగానే గంజాం జిల్లా ఛత్రపూర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ఇటువంటి ఇసుకనే తవ్వి ఖనిజాలు వేరుచేస్తోంది. అణు కేంద్రం, థోరియం ఇసుక ఒకే తీరంలో కనిపించేసరికి జనం రెంటినీ ముడిపెట్టారు.

అయితే థోరియం పచ్చి కట్టె లాంటిది. అగ్గిపుల్ల గీసి పచ్చి కట్టెను అంటించలేరు, కానీ బాగా రాజుకున్న పొయ్యిలో పక్కగా పెడితే అది ఎండి, కాసేపటికి తానూ మండుతుంది. థోరియం-232 నిదానపు న్యూట్రాన్లకు పగలదు. న్యూట్రాన్‌ను మింగి థోరియం-233గా మారి, నిమిషాల్లో ప్రొటాక్టీనియం-233 అయి, 27 రోజుల అర్ధాయువుతో (సగం మారడానికి పట్టే కాలం) యురేనియం-233గా మారుతుంది. ఈ యురేనియం-233 మంచి ఇంధనం. కానీ ఆ మొదటి న్యూట్రాన్‌ను ఇవ్వడానికి యురేనియంతోనో ప్లుటోనియంతోనో ముందే రాజుకున్న రియాక్టర్ కావాలి. మన అణు కార్యక్రమానికి ఆద్యుడైన హోమీ భాభా ఆలోచించిన మూడంచెల పథకం సరిగ్గా ఇదే: మొదట సహజ యురేనియంతో భారజల రియాక్టర్లు, వాటిలో పుట్టిన ప్లుటోనియంతో బ్రీడర్లు, బ్రీడర్లు చాలినన్ని అయ్యాక థోరియం. మనం ఇప్పుడు మొదటి మెట్టు మీద స్థిరంగా నిలబడి, రెండో మెట్టు మీద కాలు పెడుతున్నాం.

మరి ఎక్కడా వాడనే లేదా అంటే, వాడారు. కల్పాక్కంలో 1996 నుంచి ఉన్న కామిని అనే చిన్న పరిశోధనా రియాక్టర్‌కు ఇంధనం యురేనియం-233. దాని శక్తి 30 కిలోవాట్లు మాత్రమే, విద్యుత్తు కోసం కాదు. అమెరికాలోని షిప్పింగ్‌పోర్ట్ కేంద్రాన్ని 1977 నుంచి 1982 వరకు థోరియం, యురేనియం-233లతో నడిపి చూశారు. మన కాక్రపార్ వంటి కేంద్రాల్లో కొత్త రియాక్టర్ మొదలుపెట్టేటప్పుడు, మధ్యభాగంలో శక్తి మరీ ఎక్కువ కాకుండా కొన్ని థోరియం బండిళ్లు పెట్టారు. అక్కడ వాటి పని మండటం కాదు, మంట సమంగా పరచడం.

థోరియం ఎందుకు ఆలస్యమవుతోందని అడిగితే అందరూ రాజకీయాలు చెబుతారు. ఇంధనం చేసిన వాడిగా నేను చెప్పేది వేరు. యురేనియం-233తో పాటు కొద్దిగా యురేనియం-232 కూడా పుడుతుంది, దాని సంతతిలో ఒకటి చాలా తీక్షణమైన గామా కిరణాలు విడుదల చేస్తుంది. అంటే నేను గ్లవ్స్‌తో చేతుల మీద ఎత్తిన బండిల్‌ను, ఆ ఇంధనంతో చేస్తే, మందపాటి గోడల వెనుక నుంచి యంత్రాల చేతులతోనే తయారుచేయాలి. థోరియం ఆక్సైడ్ ఎంత మొండిదంటే, వాడిన తరువాత దాన్ని ఆమ్లంలో కరిగించడమే ఒక పెద్ద పని. ఆ మొండితనమే రియాక్టర్‌లో ఉన్నప్పుడు మేలు చేస్తుంది, దాని కరుగు స్థానం 3,300 డిగ్రీల దాకా ఉంది.

కొవ్వాడ విషయంలో నేను చెప్పగలిగింది ఇంధనం వరకే, అక్కడ కట్టాలా వద్దా అన్నది వేరే చర్చ. అక్కడ ప్రతిపాదించినవి వెస్టింగ్‌హౌస్ రూపొందించిన ఏపీ-1000 రకం రియాక్టర్లు, ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు. ఈ రకానికి 5 శాతం లోపు ఎన్‌రిచ్ చేసిన యురేనియం డయాక్సైడ్ కావాలి. ఒక రియాక్టర్‌లో 157 ఇంధన కట్టలు, ఒక్కో కట్టలో 264 సన్నని కడ్డీలు నిలువుగా ఉంటాయి, ఇంధనం ఉన్న భాగమే పద్నాలుగు అడుగుల ఎత్తు. ఏడాదిన్నరకొకసారి ఆపి వాటిలో మూడో వంతుకు పైగా మారుస్తారు. ఆ స్థాయి ఇంధనం మన దేశంలో పెద్ద కేంద్రాలకు సరిపడా తయారు కావడం లేదు కనుక, కూడంకుళానికి రష్యా నుంచి వచ్చినట్టే బయటి నుంచి రావలసిందే. సముద్రతీరాన్ని ఎంచుకోవడానికి ఇసుక కారణం కాదు, నీరు కారణం. పుట్టిన వేడిలో మూడింట రెండు వంతులు విద్యుత్తుగా మారకుండా సముద్రంలోకి పోతుంది, అంత వేడిని మోయడానికి మన నాగావళి, వంశధారలు వేసవిలో సరిపోవు.

చివరిగా ఇసుక. మోనజైట్ ఎక్కువగా ఉన్న నల్ల చారల మీద రేడియేషన్ మామూలు ఇసుక మీద కంటే ఎక్కువే. అయినా అక్కడ నడవడం, వలలు ఆరబెట్టుకోవడం, పిల్లలు ఆడుకోవడం భయపడవలసినవి కావు, గొలుసుకట్టు చర్య అక్కడ జరిగే అవకాశమే లేదు. నేను కూడా చిన్నప్పుడు కళింగపట్నం వెళ్లినప్పుడల్లా ఆ నల్ల ఇసుకలో అయస్కాంతం దొర్లించి దానికి గడ్డం మొలిపించినవాడినే, అయస్కాంతానికి అంటుకునేది ఇనుప ఖనిజం, థోరియం కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను: ఆ నల్ల ఇసుకను తెచ్చి ఇంటి గోడల్లో, గచ్చులో వాడవద్దు. ఉప్పు వల్ల ఇనుప చువ్వలు తినేయడం ఒక కారణమైతే, థోరియం క్షీణించే క్రమంలో పుట్టే రేడియోధార్మిక వాయువు గాలి ఆడని గదుల్లో పేరుకునే అవకాశం ఇంకొకటి. తీరంలో గాలికి అది ఎగిరిపోతుంది, పడక గదిలో పోదు. మోనజైట్‌ను సొంతంగా తవ్వడం, అమ్మడం చట్టరీత్యా నిషేధం కూడా, కాబట్టి ఎవరైనా ట్రాక్టర్ లోడు చౌకగా ఇస్తామంటే తీసుకోకండి.